అంచున గీకేసిన పేరు

కుట్టుషాపు, బ్యారక్స్ గేటు ఎదుట
ఫిబ్రవరి 6

బావగారికి,

పోయినసారి ఫోన్లో నేను పతకం అంటే మీకు పథకం అని వినబడి, పావుగంట సేపు ప్రభుత్వం మీద కోపం వెళ్ళగక్కారు. అందుకని ఈసారి ఉత్తరమే రాస్తున్నాను. చెవి మిషను పెట్టుకోమని అక్క చెబితేనే వినరు, ఇంక నేను చెబితే ఏం వింటారు.

పనిలో ఒక సందేహం వచ్చింది. మీ తోడల్లుడు పోయాక, కాజాలు కుట్టుకుంటూ కూర్చున్న నాకు సైనికుల మెడల్స్ ఛాతీ మీద తగిలించే లోహపు బారుకి కట్టే పని నేర్పింది మీరే. మీరు రాసిచ్చిన వరస ఇప్పటికీ మిషను పక్కన గోడకి అంటించి ఉంది. శౌర్యానికి ఇచ్చినది అన్నిటికంటే ముందు, గుండెల మధ్యకి దగ్గరగా. తర్వాత యుద్ధాలవి, ఏ ఏడు ముందైతే అది ముందు. సర్వీసు మెడల్ చివర. పోయినవాళ్ళవి ఇంట్లోవాళ్ళు పెట్టుకుంటే కుడివైపు. ఇన్నేళ్ళలో ఒక్క బారు కూడా వెనక్కి రాలేదు.

సెప్టెంబరులో రెజిమెంటు వార్షికోత్సవం. దానికి కమిటీ పెద్ద, రిటైరైన కల్నల్ గారు, తన బారు పంపించారు. ఎనిమిది మెడల్స్. రిబ్బన్లు పుచ్చిపోయాయి, కొత్తవి వేయాలి. పని ఒప్పుకునే ముందు ప్రతి మెడల్ అంచు మీదా చెక్కి ఉన్న నంబరు, హోదా, పేరు రిజిస్టర్లో రాయమన్నదీ మీరే కదా. ఏడింటి మీద ఆయన పేరు ఉంది. ఎనిమిదోది, వరసలో మొదట ఉండాల్సిన శౌర్య పతకం, అంచంతా ఆకురాయితో గీకేసి ఉంది. అరగడం వేరు, గీకడం వేరు, నాకు తెలియదా. రిబ్బన్ తగిలించే కొక్కెం కింద మాత్రం ఆకురాయి దూరలేదు. అక్కడేదో అంకెలు ఉన్నట్టున్నాయి.

పేరు లేని శౌర్య పతకాన్ని కట్టవచ్చా? నియమం ఏం చెబుతుంది?

అక్కకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా, రాయండి.

మీ చిట్టి


కాలవ రోడ్డు, రెండో అంతస్తు
ఫిబ్రవరి 15

చిట్టీ,

నీ ఉత్తరం అందింది. అడిగినదానికి జవాబు ఇదిగో. పతకం ఎవరిదన్నది అంచు చెప్పదు, అధికారిక జాబితా చెబుతుంది. శౌర్య పతకాల జాబితాలో కల్నల్ గారి పేరు ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. కట్టేవాళ్ళ పని సూదీ దారమూ. రిజిస్టర్లో "అంచు అరిగినది" అని రాసి, మొదటి స్థానంలో కట్టి పంపించు. కొక్కెం కదపకు.

ఎనిమిది ఉన్నాయి కాబట్టి పక్కపక్కన పట్టవు, ఒకదాని మీద ఒకటి ఎక్కించాలి. మొదటిది పూర్తిగా కనబడాలి. దాని అంచు రెండోదాన్ని కప్పాలి, రెండోది మూడోదాన్ని. రిబ్బన్ల కింది అంచులన్నీ ఒకే గీత మీద ఉండాలి. స్కేలు పెట్టి చూసుకో.

బావ

చిట్టీ, అక్కని. నా మోకాలు బాగానే ఉంది. నీ ఉత్తరం మూడుసార్లు చదివి, భోజనం దగ్గర నుంచి లేచిపోయారు. అడిగితే స్కేలు గురించి ఏదో చెప్పారు. ఏం రాశావే?


కుట్టుషాపు
మార్చి 2

బావగారికి,

కదపవద్దన్నారు కాబట్టే కదిపాను. కొక్కెం కింద 4417 అనే అంకెలు, పక్కన "వంట" అన్న రెండక్షరాలు ఉన్నాయి. మిగతా ఏడు మెడల్స్ మీదా కల్నల్ గారి నంబరు వేరే. ఆయన ఎప్పుడైనా వంటవాడిగా పనిచేశారేమో అని ఒక రోజంతా ఆలోచించాను. నవ్వకండి.

మొన్న ఆయనే షాపుకి వచ్చారు, పని ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి. పొడుగ్గా, పెట్టెలోంచి అప్పుడే తీసిన కోటులాగా ఉంటారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, ఈ ఒక్కదాని అంచు మీద పేరు లేదండీ" అన్నాను.

"అంచులు చూడమని నీకెవరు చెప్పారు?"

"మా బావగారండీ. రికార్డు ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేశారు."

మీరెవరో ఆనవాళ్ళు చెప్పాను. ఆయన నవ్వారు. "ఓ, ఆయనా. టైపులో తప్పు కొట్టినాయన. ఆ తప్పు వల్లే కదా పదకొండు రోజులు నా మెడల్ ఇంకెవడిదో అయింది. నీ పని నువ్వు చెయ్యమ్మా. నువ్వు కుట్టడానికి ఉన్నావు, చదవడానికి కాదు."

బావగారూ, మీరు టైపులో తప్పు కొట్టడమేమిటి? అక్క పెళ్ళి శుభలేఖలో ఒక్క దీర్ఘం పోయిందని ప్రెస్సుకి మూడుసార్లు తిప్పి పంపిన మనిషి మీరు. ఆ మాట అనిపించుకుని నేను ఎలా ఊరుకోను? ఊరుకోమంటే ఆ ముక్క మీరే రాయండి. అప్పుడు కట్టి పంపించేస్తాను.

అప్పటిదాకా కట్టను.

చిట్టి


కాలవ రోడ్డు
మార్చి 19

చిట్టీ,

ఈ ఉత్తరం అక్కకి చూపించకుండా రాస్తున్నాను. పోస్టులో కూడా నేనే వేస్తాను.

నేను తప్పు కొట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నా మిషను మీద ఒక్క తప్పు పడలేదు.

ఆ పతకం వచ్చిన యుద్ధంలో మనవాళ్ళు వెనక్కి తగ్గిన వారం సంగతి ఇది. కల్నల్ గారు అప్పుడు కెప్టెన్. తన దళాన్ని వంతెన ఇవతలికి తెచ్చేశాక, ఇంక ఎవరూ వెనక్కి వెళ్ళకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. అవతల దెబ్బలు తిన్నవాళ్ళు ఉండిపోయారు. వంటవాడొకడు రేషన్ లారీలో బస్తాలు దించి పారేసి, ఆజ్ఞ కాదని వంతెన దాటాడు. మూడుసార్లు వెళ్ళి వచ్చాడు. పంతొమ్మిది మందిని తెచ్చాడు. ముందు వచ్చిన కాగితాల ప్రకారం శౌర్య పతకం ఆ వంటవాడికి మంజూరైంది. ఆ ఉత్తర్వు టైపు చేసింది నేనే. పతకం మీద అతని పేరు చెక్కడం కూడా అయిపోయింది.

పదకొండో రోజున మా పెద్దాఫీసరు పిలిచాడు. ఆజ్ఞ ధిక్కరించినవాడికి పతకమిస్తే రేపు క్రమశిక్షణ ఎవడికి చెబుతాం అన్నాడు. ఉత్తర్వులో కెప్టెన్ పేరు పడాల్సింది, గుమాస్తా పొరపాటున వంటవాడి పేరు టైపు చేశాడు అని ఒక కాగితం సిద్ధంగా పెట్టాడు. సంతకం పెట్టకపోతే సరిహద్దు పోస్టుకి బదిలీ. మీ అక్కకి అప్పుడు ఎనిమిదో నెల. పెట్టాను. ఆ పతకమే కెప్టెన్ చేతికి వెళ్ళింది. వంటవాడిని ఆజ్ఞాధిక్కారం కింద ఉద్యోగంలోంచి తీసేశారు.

మొదటి ఉత్తర్వు కార్బన్ కాపీ నా దగ్గర ఉంది. ఎందుకు దాచానో నాకే తెలియదు. బయటపెట్టే ధైర్యం ఉన్నవాడు దాచడు, లేనివాడు చించేస్తాడు. నేను రెండూ కాలేదు.

అతను పెద్దాసుపత్రి వంటశాలలో పని చేస్తున్నాడని విన్నాను. మీ ఊళ్ళోనే. నీకు ఇంతకన్నా ఏం చెప్పాలో తెలియడం లేదు. కట్టమని మాత్రం రాయలేను.

బావ


కుట్టుషాపు
ఏప్రిల్ 8

బావగారికి,

మీ మీద కోపం వచ్చింది. రెండు వారాలు ఉత్తరం రాయకపోవడానికి కారణం అదే, పని ఒత్తిడి కాదు.

ఆసుపత్రికి వెళ్ళాను. వంటశాలలో మనిషి ఎత్తు పాత్రల మధ్య ఆవిరిలో ఆయన. నా మాట విని గరిటె కింద పెట్టలేదు, మూడు వందల మంది రోగులకి పన్నెండింటికల్లా భోజనం వెళ్ళాలట. కలుపుతూనే మాట్లాడాడు. నంబరులో మొదటి రెండు అంకెలు చెప్పగానే మిగతావి ఆయనే పూర్తి చేశాడు.

"మెడల్ వచ్చిందనీ తెలుసు, పోయిందనీ తెలుసు" అన్నాడు. "గుమాస్తా పొరపాటన్నారు. సరే అనుకున్నా. నాకు మెడల్ లేని లోటేం లేదమ్మా."

"మరి మీ కెప్టెన్ పెట్టుకుని తిరుగుతున్నాడండీ. మీరు చేసిన పనికి."

అప్పుడు గరిటె ఆగింది. "వెళ్ళొద్దని తుపాకీ చూపించినవాడు, వెళ్ళినందుకు ఇచ్చింది పెట్టుకున్నాడా?"

తనని ఉద్యోగంలోంచి తీసేసిన సంగతి అడిగితే మాత్రం నవ్వాడు. "అది నిజమేగా. కాదన్నాను, వెళ్ళాను. అందులో అబద్ధం ఏముంది?"

సంతకం పెట్టింది మా బావగారే అని చెప్పలేకపోయాను. ఆ వంటశాల మెట్లు దిగుతుంటే మీ మీద కోపం సగానికి తగ్గింది. నేనూ అదే పని చేశాను కదా, అందుకు.

ఇక చేసింది చెబుతాను. ఏడు మెడల్స్ మీరు చెప్పిన వరసలో, స్కేలు పెట్టి చూసి, కట్టాను. ఎనిమిదోదాన్ని విడిగా తెల్ల గుడ్డలో చుట్టి పెట్టాను. కల్నల్ గారు వచ్చినప్పుడు రిజిస్టర్ ముందుకి తోశాను. నా షాపులో ఏ వస్తువు తీసుకున్నా దాని అంచు మీది నంబరు ఎదుట సంతకం చేయాలి. ఏడింటికి చేశారు. ఎనిమిదో గీతలో "నంబరు 4417, వంటవాడు" అని రాసి ఉంది.

"ఇదేంటి?"

"అంచు మీద ఉన్నదండీ. నాది కానిది నేను దాచను. సంతకం పెట్టి తీసుకెళ్ళండి."

"ఆ గీత కొట్టెయ్."

"కొట్టేయనండీ."

"ఈ గేటుకి ఎదురుగా షాపు ఎవరి దయ వల్ల నడుస్తోందో తెలుసా?"

"నా మిషను వల్లండీ" అన్నాను. టేపు మెడలోంచి తీసి గట్టిగా పట్టుకున్నాను.

సంతకం పెట్టలేదు. ఏడింటినీ తీసుకుని వెళ్ళిపోయారు. వంటాయన పతకం నా దగ్గరే ఉంది, నియమం ప్రకారం.

కార్బన్ కాపీ మీ దగ్గర ఉంది. నేను చేయగలిగింది అయిపోయింది.

చిట్టి


కాలవ రోడ్డు
మే 4

చిట్టీ,

అక్కకి చెప్పాను. పొద్దున టీ తాగుతుండగా మొదలుపెట్టి, నీ ఉత్తరాలు కూడా ముందు పెట్టాను. అంతా చదివి, కళ్ళజోడు తీసి, లోపలికి వెళ్ళింది. రెండు రోజులు మాట్లాడలేదు. నాకు వినబడదు కాబట్టి మాట్లాడకపోవడం కనిపెట్టలేననుకుందేమో.

మూడో రోజు టైపు మిషను అటక మీంచి తనే దింపించింది.

రికార్డు ఆఫీసుకి రాశాను. నాలుగే వాక్యాలు. మొదటి ఉత్తర్వు సరైనది. టైపులో తప్పు జరగలేదు. తప్పు జరిగిందన్న కాగితం మీద నేను తెలిసీ అబద్ధపు సంతకం పెట్టాను. కార్బన్ కాపీ జతపరిచాను.

మాజీ సైనికుల సంఘం నుంచి ఒకాయన వచ్చాడు. నాకున్న ఒక్క మెడల్, మచ్చలేని సర్వీసుకి ఇచ్చినది, తీసేసుకుంటారని హెచ్చరించాడు. అబద్ధపు సంతకం పెట్టినవాడి దగ్గర అది ఉండకూడదని నియమం ఉంది. ఆ పేజీ నంబరుతో సహా నేనే ఆయనకి చెప్పాను. ఈ వయసులో మీకెందుకండీ ఇదంతా అన్నాడు. ఆ మాట వినబడలేదన్నట్టు ఊరుకున్నాను.

బావ

చిట్టీ, నన్ను సాకు చేసుకుని సంతకం పెట్టారట ఈయన. ఎనిమిదో నెల అట. నన్నొక్క మాట అడిగి ఉంటే సరిహద్దు పోస్టుకి కడుపుతోనే పెట్టె సర్దుకుని వచ్చేదాన్ని. ముప్పై ఏళ్ళు నా పేరు చెప్పుకుని భయపడ్డారు. ఇక నా పేరు చెప్పుకుని భయపడటం కుదరదని చెప్పాను. అక్క.


కుట్టుషాపు
జూన్ 11

అక్కకీ, బావగారికీ,

బ్యారక్స్ పని ఆపేశారు. షాపు బోర్డు మీద "మిలిటరీ ఆమోదం పొందినది" అన్న పట్టీ ఉండేది కదా, ఇద్దరు వచ్చి ఊడదీసి తీసుకెళ్ళారు. మేకుల గుర్తులు మిగిలాయి. స్కూలు యూనిఫాంలు మొదలుపెట్టాను. పిల్లలకి మెడల్స్ ఉండవు, కదలకుండా నిలబడటమూ ఉండదు. కొలతలు తీసేసరికి నడుం విరుగుతోంది.

నేను బాగానే ఉన్నాను. కంగారుపడి వచ్చేయకండి.

చిట్టి


కాలవ రోడ్డు
ఆగస్టు 2

చిట్టీ,

విచారణకి వెళ్ళి వచ్చాం. ముగ్గురు ఆఫీసర్లు, పొడుగాటి బల్ల. నాకు వినబడదు కాబట్టి అక్కని పక్కన కూర్చోనిచ్చారు. వాళ్ళు అడిగింది ఆమె కాగితం మీద రాసి చూపిస్తే నేను నోటితో చెప్పాను. ఒక ప్రశ్నకి ఆమె కాగితం మీద "దీనికి తడబడకండి" అని కూడా రాసింది.

"తెలిసే అబద్ధపు సంతకం పెట్టానని ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటున్నాను. టైపులో తప్పు జరిగిందని మాత్రం ఒప్పుకోను."

వాళ్ళలో చిన్నాఫీసరు కార్బన్ కాపీని కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. కల్నల్ గారిని కూడా పిలిచారట. ఆయన ఏమీ గుర్తు లేదన్నారట. అంచు ఎందుకు గీకారని అడిగితే కళ్ళజోడు తుడుచుకున్నారట.

నిర్ణయం ఇది. జాబితాలో ఆయన పేరు కొట్టేసి వంటాయన పేరు ఎక్కిస్తారు. నా మెడల్ వెనక్కి తీసుకుంటారు. ఉత్తరం పంపిస్తాం, అప్పుడు పోస్టులో పంపండి అన్నారు. కోటు మీంచి అక్కడే విప్పి బల్ల మీద పెట్టాను. అన్నేళ్ళు పెట్టుకున్నాక ఇంక పోస్టు దాకా మోయలేకపోయాను.

వంటాయనతో ఒక చిక్కు వచ్చిందని తెలిసింది. ప్రశంసలో "అధికారి ఆజ్ఞ మేరకు" అని రాయబోతే, అలా అయితే పతకం మీ దగ్గరే ఉంచుకోండి అన్నాడట. ఏమైందో కనుక్కుని రాయి.

బావ


కుట్టుషాపు
సెప్టెంబరు 21

బావగారికి,

ఆయన మాటే నెగ్గింది. నిన్న పరేడ్‌లో మైకులో చదివారు. "పై అధికారి ఆజ్ఞకు విరుద్ధంగా మూడుసార్లు వంతెన దాటి" అని. ఆ మాట దగ్గర చదివే ఆఫీసరు గొంతు సర్దుకున్నాడు. జనంలో ఎవరో ఈల వేశారు. ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తర్వు మాత్రం రద్దు చేయలేదు. చేయమని ఆయన అడగనూ లేదు.

మెడల్ ముందువారమే రికార్డు ఆఫీసుకి అప్పజెప్పాను. వాళ్ళు అంచు మీద పేరు మళ్ళీ చెక్కించారు. రిజిస్టర్లో ఎనిమిదో గీత ఎదుట వాళ్ళ సంతకం తీసుకున్నాను. వంటాయనకి కోటు నేనే కుట్టాను, నల్లది. తొడుక్కోమంటే వంటవాడికి కోటేమిటని గునిశాడు, కానీ అద్దం దగ్గర నుంచి త్వరగా కదల్లేదు.

మైదానంలో ఒక చిన్న గొడవ జరిగింది. మెడల్ పెట్టాక, మెడల్స్ ఉన్నవాళ్ళందరూ వరసగా నడవాలి. నియమాల పుస్తకం పట్టుకున్న కుర్ర ఆఫీసరు ఈయనని తీసుకెళ్ళి చివర నిలబెట్టాడు, వంటవాళ్ళూ డ్రైవర్లూ ఉన్న చోట. నేను జనంలోంచి తాడు కింద దూరి వెళ్ళాను.

"బాబూ, శౌర్య పతకం ముందు నడవాలి."

"హోదా ప్రకారం వరసండీ. ముందు కల్నల్ గారు."

"ఈ నడకకి వరస మెడల్‌ది, మనిషిది కాదు. నీ చేతిలో పుస్తకం ఉందిగా, చూడు."

చూశాడు. పేజీ తిప్పి మళ్ళీ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. వంటాయనని చేయి పట్టుకుని అందరినీ దాటించి మొదటికి తీసుకెళ్ళాడు. కల్నల్ గారు నేను కట్టిన ఏడు మెడల్స్‌తో నిటారుగా నిలబడి ఉన్నారు. ఆయన ఒక అడుగు వెనక్కి వేస్తే గాని చోటు రాదు. వేశారు. జాలిపడ్డానని రాయను, కానీ కళ్ళు తిప్పుకున్నాను.

అయ్యాక, మైదానం మెట్ల మీద కూర్చుని వంటాయనకి చెప్పేశాను. ఆ సంతకం మా బావగారిదే అని. మీరు బయటపెట్టడానికి ఏం పోగొట్టుకున్నారో కూడా చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"తప్పు కొట్టినాయన కాదన్నమాట. తెలిసే పెట్టినాయన."

"అవునండీ."

వంగి బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. తర్వాత మీ అడ్రసు అడిగాడు. "మెచ్చుకోడానికి కాదు, క్షమించడానికీ కాదు. ఎదురుగా కూర్చుని అడగాలి" అన్నాడు.

ఇచ్చాను. ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తాడు. మీరు ఊళ్ళో లేరని చెప్పించకండి.

చిట్టి


కాలవ రోడ్డు
సెప్టెంబరు 29

చిట్టీ,

వచ్చాడు. అక్క కాగితం, పెన్ను పెట్టుకుని పక్కన కూర్చోబోయింది. వద్దన్నాడు. నేను నోటితోనే అడుగుతా, ఆయన నోటితోనే చెప్పాలి అన్నాడు. అక్క వీధి వైపు కిటికీలు మూయబోతే నేనే ఆపాను.

అడిగాడు. వినబడలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, అరిచి అడిగాడు.

"నా ఉద్యోగం పోతుందని తెలుసా నీకు, సంతకం పెట్టేటప్పుడు?"

"తెలుసు" అన్నాను.

"గట్టిగా చెప్పు."

చెప్పాను. ఎదురు మేడ మీద బట్టలు ఆరేస్తున్నవాళ్ళు ఆగి చూశారు. మా ఇంట్లో ఇంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆయన ఇంకా అడిగాడు, నేను చెబుతూనే పోయాను. ఒక గంట. కారణాలు చెప్పబోయినప్పుడల్లా "అది నేను అడగలేదు" అన్నాడు. నిజమే, అడగలేదు.

అక్క భోజనం వడ్డించింది. తిన్నాడు. ఉప్పు తక్కువైందని చెప్పి, వేసుకుని, ఇంకొంచెం పెట్టించుకున్నాడు. వెళ్ళేటప్పుడు నేను చెయ్యి చాపితే పట్టుకోలేదు. గుమ్మం దగ్గర ఆగి, ఇంకా అడగాల్సినవి ఉన్నాయి, వచ్చే ఆదివారం వస్తానన్నాడు.

రమ్మన్నాను.

బావ